చవితికి పూసేది, దీపావళికి పూసేది

(వినాయక చవితికి కొద్ది రోజుల ముందు తూర్పు లండన్‌లో తెలుగువాళ్ళ చిన్న సమావేశంలో ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు వీలైనంతవరకు అలాగే ఉంచాం. చివరి ప్రశ్నల్లో కొన్నే ఇచ్చాం.)

అందరికీ నమస్కారమండీ. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఈ రెండు కొమ్మలూ తీసుకుని, చూసి, వెనక్కి పంపండి. ఆకు నలిపి వాసన చూడండి, తిరగేసి చూడండి. నోట్లో మాత్రం పెట్టుకోవద్దు. ఎర్ర దారం కట్టిందొకటి, తెల్ల దారం కట్టిందొకటి. రెండూ నిన్న సాయంత్రం లీ నది గట్టు మీద కోసినవే. ఒకదాని పక్కన ఒకటి పెరుగుతున్నాయి.

ఏటా ఈ రోజుల్లో నా వాట్సాప్ నిండిపోతుంది. ఒక ఫొటో, దాని కింద "మేడమ్, ఇది మాచిపత్రేనా?" అని ప్రశ్న. పంపేవాళ్ళు పాపం శ్రద్ధగానే తీస్తారు, కానీ అన్ని ఫొటోల్లోనూ ఆకు పైభాగమే ఉంటుంది. ఈ కుటుంబం మొక్కల్ని ఆకు పైభాగం చూసి గుర్తుపట్టడం నాకే కాదు, ఎవరికీ చేతకాదు. అందుకే అందరికీ విడివిడిగా జవాబులు రాసే బదులు ఇవాళ ఒకేసారి చెప్పేద్దామని వచ్చాను.

మాచిపత్రి మీద మనకు ఎందుకింత పట్టింపో మీకు తెలుసు. "సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి" అనే కదా ఇరవై ఒక్క పత్రుల పూజ మొదలయ్యేది. మొదటి ఆకే దొరక్కపోతే మనసు పీకుతూ ఉంటుంది. ఊళ్ళో అయితే పత్రి అమ్మే ఆవిడ కట్టలో ఏం పెడితే అదే. ఇక్కడ మనమే వెతుక్కోవాలి. వెతకబోతే నది గట్టున, రైలు పట్టాల పక్కన, ఖాళీ స్థలాల్లో, కార్ పార్కింగ్ అంచుల్లో అచ్చు మాచిపత్రిలాంటిదే మనిషెత్తున కనబడుతుంది. తీరా చూస్తే అది ఒక మొక్క కాదు, రెండు. చాలామందికి ఆ సంగతి తెలియదు. ఇక్కడ పుట్టి పెరిగిన ఇంగ్లీషువాళ్ళలోనూ చాలామందికి తెలియదు.

ఎర్ర దారం కట్టింది మగ్‌వర్ట్. శాస్త్రీయ నామం ఆర్టెమిసియా వల్గారిస్. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లోనే పేరు పెట్టాడు. తెల్ల దారం కట్టింది చైనీస్ మగ్‌వర్ట్, ఆర్టెమిసియా వెర్లొటియోరమ్. రెండూ చామంతి కుటుంబమే. రెండింటికీ ఆకు లోతుగా చీలి ఉంటుంది, పైన ముదురాకుపచ్చ, అడుగున తెల్లటి నూగు. రెండూ నిలువుగా, మన భుజం దాకా, ఒక్కోసారి తలదాటి పెరుగుతాయి. రెండింటి పూలూ పూలలా ఉండవు. మిల్లీమీటర్లలో కొలవాల్సినంత చిన్న చిన్న మొగ్గల్లాంటివి గుత్తులు గుత్తులుగా కొమ్మల చివర వేలాడతాయి. రంగు లేదు, తేనె లేదు. తేనెటీగతో వీటికి పని లేదు, గాలి ఉంటే చాలు. ఈ గాలి సంగతి తర్వాత మాట్లాడతాను, అందులో మన వంటింటి గొడవ ఒకటి ఉంది.

సరే, తేడా ఎలా తెలుసుకోవాలి?

వాసనతో మొదలుపెడదాం. ఎర్ర దారంది నలిపినవాళ్ళు ఎవరైనా చెప్పండి. ఏమీ రావట్లేదా? కొద్దిగా వస్తుంది, బాగా నలపాలి. తెల్ల దారంది? ఆ, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. (నవ్వులు) ఘాటుగా, కాస్త తియ్యగా, కర్పూరం కలిసినట్టు ఉంటుంది. అయితే వాసన ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇబ్బందే. ఎండలో పెరిగిన మొక్కకీ నీడలో పెరిగిన మొక్కకీ తేడా ఉంటుంది, జలుబు చేసిన ముక్కుకీ చెయ్యని ముక్కుకీ తేడా ఉంటుంది.

ఇప్పుడు కాడ చూడండి. ఎర్ర దారం కొమ్మ కాడ మీద నూగు పెద్దగా లేదు, చాలాసార్లు ఊదారంగు తిరిగి ఉంటుంది. తెల్ల దారం దాని కాడ మీద నూగు ఎక్కువ. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కాడను అడ్డంగా కోసి చూడాలి. రెండు ముక్కలు ఇక్కడ కోసి పెట్టాను. మగ్‌వర్ట్ కాడలో మధ్యనంతా బెండే, వెడల్పులో దాదాపు ఐదింట నాలుగు వంతులు. చుట్టూ గట్టి భాగం సన్నగా ఉంగరంలా ఉంటుంది. చైనీస్ మగ్‌వర్ట్‌లో బెండు మూడో వంతే, చుట్టూ గోడ మందం. చేతిలో కత్తి ఉంటే క్షణంలో తేలిపోతుంది. పిల్లలకు చూపించండి, వాళ్ళు అస్సలు మర్చిపోరు.

ఇంకొకటి, ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పచ్చి ఆకై ఉండాలి. మగ్‌వర్ట్ ఆకులో ఈనెల్లోంచి వెలుతురు కాస్త కనబడుతుంది. చైనీస్ దానిలో ఈనెలు ముదురుగా కనబడతాయి. ఆకు చీలికలు కూడా రెండోదానిలో పొడుగ్గా, అంచుల్లో పళ్ళు లేకుండా ఉంటాయి. కాకపోతే ఒకే మొక్క మీద కింది ఆకు ఒకలా, మధ్య ఆకు ఒకలా, పై ఆకు ఒకలా ఉంటుంది. కాబట్టి పోల్చేటప్పుడు కాడ మధ్యలో ఉన్న ఆకుల్నే పక్కపక్కన పెట్టండి. పై ఆకు తెచ్చి కింది ఆకుతో పోల్చి "మేడమ్, మూడో జాతి దొరికింది" అన్నవాళ్ళూ ఉన్నారు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉండే గుర్తులే. అసలు తేడాలు రెండు. ఒకటి నేల కింద ఉంది, ఇంకోటి క్యాలెండర్‌లో ఉంది. ఆ రెండూ తెలిస్తే మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు.

క్యాలెండర్ ముందు చెబుతాను. మగ్‌వర్ట్ ఈ దేశంలో జులై నుంచి సెప్టెంబర్ దాకా పూస్తుంది. అంటే మన చవితి ఆగస్టు చివర్లో వచ్చినా సెప్టెంబర్ మధ్యలో వచ్చినా అప్పటికి పూత మీదుంటుంది. ఎర్ర దారం కొమ్మ చివర చూడండి, గోధుమరంగు గింజల్లా కనబడేవన్నీ పూలే. తెల్ల దారం కొమ్మ చివర? ఒట్టి ఆకులు. ఇంకా మొగ్గ కూడా కట్టలేదు. అది అక్టోబర్లో, నవంబర్లో పూస్తుంది, అంటే దీపావళికి. చవితి రోజున గట్టు మీద నిలబడి చూస్తే పూసినది మగ్‌వర్ట్, పూయనిది చైనీస్ మగ్‌వర్ట్. లండన్ వరకు ఇంతకన్నా సులువైన గుర్తు నాకు తెలియదు. కోత పడి మళ్ళీ చిగిర్చిన మగ్‌వర్ట్ ఒక్కటే ఈ లెక్క తప్పిస్తుంది. మునిసిపాలిటీ వాళ్ళు జూన్‌లో గట్టంతా కొట్టేస్తే అది ఆలస్యంగా పూస్తుంది. అలాంటి చోట కాడ కోసి చూసుకోండి.

ఎందుకింత ఆలస్యం అని మీరు అడగాలి. దానికి జవాబు మన చామంతిలో ఉంది. చామంతి మన దగ్గర చలికాలంలోనే ఎందుకు విరగబూస్తుంది? పగలు కురచ అవుతుంది కాబట్టి. రాత్రి తగినంత పొడవైతేనే దానికి పూత పుడుతుంది. అందుకే పూల రైతులు పూత వాయిదా వేయాలంటే రాత్రిళ్ళు తోటలో లైట్లు వేస్తారు. చైనీస్ మగ్‌వర్ట్‌ది కూడా అదే స్వభావం. ఇది చైనా మొక్క. లండన్ ఉన్నది యాభై ఒకటిన్నర డిగ్రీల అక్షాంశం మీద. జూన్‌లో ఇక్కడ పగలు పదహారున్నర గంటలు. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద అతి పొడవైన పగలు పదమూడు గంటలే. ఇంత పొడుగు పగళ్ళలో ఆ మొక్కకు ఆకులు పెంచడం తప్ప వేరే పని తోచదు. సెప్టెంబర్ చివరికి రాత్రి పెరిగాక అప్పుడు మేలుకుని మొగ్గ కడుతుంది. ఈలోగా చలి వచ్చేస్తుంది. పూలు వస్తాయి, గింజ ముదిరే వ్యవధి ఉండదు. ఈ దేశంలో దీని గింజ పండడం చాలా అరుదు.

గింజ లేకుండా మరి ఇంత లండన్ ఎలా ఆక్రమించింది? ఇక్కడే నేల కింది సంగతి వస్తుంది. మగ్‌వర్ట్ ఇక్కడ దుబ్బుగా పెరుగుతుంది. కింద పొట్టి మోడు, దాని నుంచి పైకి కాడలు. తవ్వితే ఒకచోటే ఉంటుంది. చైనీస్ మగ్‌వర్ట్ అలా కాదండీ, అది తుంగలాంటిది. నేల కింద పొడవాటి కాడలు పాకిస్తూ పోయి, కొంత దూరంలో కొత్త మొక్క లేపుతుంది. మీకు గట్టు మీద యాభై మొక్కలు కనబడితే అవి యాభై కాకపోవచ్చు, ఒకే మొక్క కావచ్చు. తవ్వి పోసిన మట్టిలో ఆ పాకే కాడ ముక్క ఒకటి ఉందనుకోండి, లారీలో ఎక్కి ఇంకో పేటలో దిగుతుంది. వరదకు గట్టు విరిగితే కిందికి కొట్టుకుపోయి అక్కడ పట్టుకుంటుంది. లండన్‌లో తవ్వని మట్టి ఎక్కడుంది చెప్పండి? ఇది ఈ దేశంలో ముఖ్యంగా లండన్ చుట్టుపక్కల, ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఎక్కువ.

మగ్‌వర్ట్‌ది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. వేల కొద్దీ గింజలు రాలుస్తుంది. ఆ గింజకు జిల్లేడు దూదిలాంటి రెక్కలేమీ లేవు, గాలికి దూరం ఎగరదు. మనుషుల కాళ్ళకు, బండి చక్రాలకు, మట్టికి అంటుకుని తిరుగుతుంది. మనిషి తిరిగే చోటల్లా ఉంటుంది. ఒక మాట చెబితే నవ్వుతారేమో. మగ్‌వర్ట్ ఇంగ్లండ్ సొంత మొక్కే అని అందరూ అనుకుంటారు కదా, ఇక్కడి వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు దాన్ని 1500కు ముందే మనుషులతో వచ్చి స్థిరపడిన మొక్కల జాబితాలో వేశారు. పాత వలసదారు అన్నమాట. అంటే చైనా నుంచి వచ్చినదాన్ని చూసి "పరాయిది" అని ముఖం తిప్పుకునే హక్కు ఎర్ర దారానికి పెద్దగా లేదు. (నవ్వులు)

చైనీస్ మగ్‌వర్ట్ యూరప్‌కు ఎలా వచ్చిందనే కథ కూడా తమాషాగా ఉంటుంది. దాన్ని చైనాలో చూసి పేరు పెట్టలేదు. 1870ల్లో ఫ్రాన్సులో, గ్రెనోబ్ల్ వైపు దొరికిన మొక్కల్ని చూసి లామోత్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఇది వల్గారిస్ కాదు, వేరే జాతి అని గుర్తించాడు. వెర్లో సోదరులు ఇద్దరూ తోటల మనుషులే, ఒకాయన గ్రెనోబ్ల్ ఉద్యానవనం చూసుకునేవాడు. వాళ్ళిద్దరి గౌరవార్థం ఈ పేరు పెట్టాడు. అంటే శాస్త్రం దీన్ని మొదట ఫ్రెంచి మొక్కగా నమోదు చేసుకుంది. ఇది తూర్పు ఆసియా నుంచి వచ్చిందని తర్వాత గానీ తేలలేదు. ఆకు చూసి మోసపోవడంలో మనమేమీ ఒంటరివాళ్ళం కాదు, అంతటి పండితులకు ఇది పొరుగూరి మొక్కలాగే కనబడింది.

ఇంతకీ పూత కాలాలు వేరైన రెండు మొక్కలు పక్కపక్కన ఉంటే కలుస్తాయా? కలవకూడదు. కానీ కలిశాయి. ఆ సంకరం దొరికింది మన లండన్‌లోనే, టాటెన్‌హామ్ వైపు. బ్రయన్ వుర్జెల్ అనే ప్రకృతి పరిశీలకుడి కంటబడింది. 2000లో దాన్ని శాస్త్రీయంగా వర్ణించి ఆయన పేరే పెట్టారు, ఆర్టెమిసియా వుర్జెల్లియై అని. నాకు ఈ సంకరం మొక్క మీద ప్రత్యేకమైన ఆసక్తి. లెక్క చూడండి. మగ్‌వర్ట్ కణంలో క్రోమోజోములు 16. చైనీస్ మగ్‌వర్ట్‌లో 54. దగ్గరి చుట్టాలు అంటున్నాం గానీ లోపల ఇంత దూరం. ఇటునుంచి సగం 8, అటునుంచి సగం 27, కలిపితే 35 రావాలి. బేసి సంఖ్య. జతలు కుదరవు కాబట్టి గింజ కట్టడం కష్టం. మరి బతకడం ఎలా? చైనా వైపు నుంచి వచ్చిన పాకే గుణం ఉంటే గింజతో పనేముంది? సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో ఒకదాని ఆఖరి పూత, ఇంకోదాని తొలి పూత కలిసిన చోట ఇది పుట్టి ఉండాలి. శరదృతువులు వెచ్చబడుతున్న కొద్దీ ఈ రెండు పూతలు కలిసే రోజులు పెరుగుతాయా, చైనీస్ మగ్‌వర్ట్ గింజ పండించడం మొదలుపెడుతుందా అన్నది రాబోయే ఏళ్ళలో చూడాల్సిన విషయం. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఇది మంచి ప్రాజెక్టు. గట్టు మీద ఒక మొక్కకు గుర్తు పెట్టుకుని వారం వారం ఫొటో తీస్తే చాలు.

ఇప్పుడు గాలి సంగతి. ఇక్కడ హే ఫీవర్, అంటే పుప్పొడి పడక తుమ్ములొచ్చే జబ్బు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మే, జూన్, జులైలో తుమ్ములు వస్తే అది ఎక్కువగా గడ్డి పుప్పొడి. గడ్డి సీజన్ అయిపోయాక, ఆగస్టులో మళ్ళీ మొదలైతే మగ్‌వర్ట్‌ను అనుమానించాలి. దాని పుప్పొడి యూరప్ అంతటా పేరున్న అలర్జీ కారకం. ఇటలీ ఉత్తర భాగంలో, స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్‌కు దక్షిణాన ఉన్న ప్రాంతంలో చైనీస్ మగ్‌వర్ట్ విపరీతంగా ఉంది. అక్కడ పుప్పొడి లెక్కలు తీస్తే ఆగస్టులో ఒకసారి, శరదృతువులో మరోసారి, రెండు శిఖరాలు కనబడతాయి. రెండోదానికి కారణాల్లో ఈ దీపావళి మొక్క ఒకటి. లెక్క తీసే యంత్రానికి రెండింటి పుప్పొడీ ఒకేలా కనిపిస్తుంది. తేదీ చూసే ఎవరిదో చెప్పాలి. మళ్ళీ క్యాలెండరే.

వంటింటి గొడవ అన్నాను కదా. మగ్‌వర్ట్ పుప్పొడి పడనివాళ్ళలో కొందరికి కొన్ని తిండి పదార్థాలు కూడా పడవు. ఆ పుప్పొడిలోని ప్రొటీన్‌ను పోలినవే సెలరీలో, క్యారెట్‌లో, ధనియాల్లో, సోంపులో, జీలకర్రలో ఉంటాయి. శరీరం పొరబడి అక్కడ కూడా గోల చేస్తుంది. డాక్టర్లు దీన్ని సెలరీ-మగ్‌వర్ట్-స్పైస్ సిండ్రోమ్ అంటారు. మామూలుగా నోరు, పెదాలు దురద పెట్టడంతో ఆగుతుంది, కొందరిలో తీవ్రంగా కూడా రావచ్చు. అందరికీ వస్తుందని కాదు, రసంలో ధనియాలు మానేయమని నేను చెప్పట్లేదు. (నవ్వులు) కానీ ఆగస్టులో తుమ్ములొచ్చే మనిషికి మసాలా తిన్నాక గొంతు దురద పెడుతోందంటే ఆ రెండు ముక్కలూ కలిపి డాక్టరుకు చెప్పండి. మన వంటల గురించి తెలియని డాక్టరు తనంతట తాను ధనియాల సంగతి అడగకపోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. ఈ రెండిట్లో మాచిపత్రి ఏది?

నిక్కచ్చిగా చెప్పాలంటే రెండూ కావు. మన పాత వైద్య గ్రంథాల అనువాదాల్లో, తోటల బోర్డుల మీద మాచిపత్రి పక్కన ఆర్టెమిసియా వల్గారిస్ అనే ఉంటుంది. దానికి కారణం ఉంది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు భారతదేశపు మొక్కల్ని జాబితా వేసేటప్పుడు, నీలగిరుల్లో, హిమాలయాల్లో కనబడినవాటిని తమ ఊరి మగ్‌వర్ట్ కిందే జమ కట్టేశారు. 1876లో సి.బి. క్లార్క్ నీలగిరి రకాన్ని వల్గారిస్‌లోనే ఒక ఉపరకంగా చూపించాడు. 1926లో పంపానిని అనే ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని విడదీసి ఆర్టెమిసియా నీలగిరికా అనే ప్రత్యేక జాతిని చేశాడు. మన కొండల్లో పెరిగే మాచిపత్రిని ఇప్పుడు ఎక్కువమంది అదే పేరుతో పిలుస్తారు. దవనం ఇదే కుటుంబంలో మరో జాతి, ఆర్టెమిసియా పాలెన్స్. దండల్లో కట్టే ఆ వాసన మీకు తెలుసు, దాన్ని ఇక్కడ గట్ల మీద వెతక్కండి, దొరకదు.

మరి పూజకు పనికొస్తుందా అంటే, నేను పురోహితురాలిని కాను. నా అభిప్రాయం అడిగితే, వస్తుంది. ఒకే కుటుంబం, ఒకే రూపం, ఒకే రకం వాడకం. నేపాల్ వాళ్ళు, డార్జిలింగ్ వాళ్ళు తీతేపాతీ అని దీని బంధువుల్నే పూజలో పెడతారు. చైనాలో డ్రాగన్ పడవల పండక్కి దీని బంధువునే గుమ్మానికి కడతారు. ఐల్ ఆఫ్ మాన్‌లో జులై 5న వాళ్ళ జాతీయ దినానికి మగ్‌వర్ట్ రెమ్మ కోటుకు పెట్టుకుంటారు. జర్మన్లు మరీ వేరు, వాళ్ళు బాతు కూరలో వేస్తారు. (నవ్వులు) నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం ఇక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఒక రాతప్రతి. సుమారు వెయ్యేళ్ళ నాటిది. అందులో పాత ఇంగ్లీషులో విషానికి విరుగుడు మంత్రం ఒకటుంది, తొమ్మిది మూలికల పేరు పెట్టి పిలిచే మంత్రం. ఆ తొమ్మిదిలో మొదట పిలిచేది మగ్‌వర్ట్‌నే, మూలికల్లో నువ్వే పెద్దదానివి అంటూ. మన ఇరవై ఒకటిలోనూ మొదటిది మాచిపత్రే. ఆ మంత్రానికీ మన పూజకూ సంబంధం ఉందని నేను అనను. ఎవరైనా రేపు వాట్సాప్‌లో అలా ఫార్వర్డ్ చేస్తే అది నా పేరు మీద పెట్టకండి.

రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను ఎర్ర దారందే కోస్తాను. తెల్లదాని వాసన బాగుంటుంది, నిజమే. కానీ ఇంటికి తెచ్చాక పత్రిని ఏం చేస్తాం? నిమజ్జనం అంటాం, లేదా పెరట్లో చెట్టు మొదట్లో వేస్తాం. ఉత్త ఆకులైతే ఫరవాలేదు. వేరుతో పాటు పీకి తెచ్చిన చైనీస్ మగ్‌వర్ట్ పెరట్లో పడిందా, వచ్చే ఏడాది నుంచి పత్రికి మీరు గట్టుకు వెళ్ళక్కర్లేదు, పక్కింటివాళ్ళు కూడా వెళ్ళక్కర్లేదు.

చట్టం కూడా గుర్తుంచుకోండి. ఈ దేశంలో 1981 నాటి వన్యప్రాణి, గ్రామసీమల చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ వేరుతో పీకకూడదు. కలుపు మొక్కైనా అంతే. ఇంట్లో వాడుకోవడానికి నాలుగు రెమ్మలు తుంచుకోవడం వేరు. ప్రకృతి సంరక్షణ స్థలాల్లో, కొన్ని పార్కుల్లో తుంచడం కూడా కుదరదు, బోర్డు చదువుకోండి. కుక్కలు తిరిగే దారి పక్కన తుంచకండి, దానికి చట్టం అక్కర్లేదు. కలుపుమందు కొట్టిన చోట ఆకులు వాడి ముడుచుకుని ఉంటాయి, వాటి జోలికీ వెళ్ళకండి.

ఇక ప్రశ్నలు అడగండి.

"మేడమ్, మా అమ్మగారు హైదరాబాదు నుంచి మాచిపత్రి అని ఫొటో పంపారు. చూస్తే వయ్యారిభామలా ఉంది. ఎలా తెలుస్తుంది?"

మంచి ప్రశ్న. వయ్యారిభామ ఆకు కూడా చీలికలుగానే ఉంటుంది, అదీ ఈ పెద్ద కుటుంబంలోదే. ఆకు తిరగేసి చూడమనండి. అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉండి, పైభాగానికీ అడుగుకీ రంగులో కొట్టొచ్చినట్టు తేడా ఉంటే మాచిపత్రి వైపు. రెండు వైపులా పచ్చగా ఉండి, చిన్న చిన్న తెల్లపూలు ఉంటే వయ్యారిభామ. దాన్ని చేత్తో నలపొద్దని చెప్పండి, చాలామందికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. ఆకు అడుగు చూడడం ఇక్కడ కూడా అలవాటు చేసుకోండి. తోటల్లో మంక్స్‌హుడ్ అని ఒక విషపు మొక్క ఉంటుంది, లేత ఆకు చూడ్డానికి ఇలాగే చీలి ఉంటుంది. జపాన్‌లో కూరకు మగ్‌వర్ట్ కోయబోయి దాని జాతి మొక్కను కోసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. దాని ఆకు అడుగు పచ్చగానే ఉంటుంది, తెల్ల నూగు ఉండదు.

"మలేరియా మందు దీన్నుంచే తీస్తారంట కదా? టీ చేసుకుని తాగొచ్చా?"

మలేరియా మందు తీసేది ఆర్టెమిసియా ఆన్యువా అనే వేరే జాతి నుంచి. చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది దానికే. ఇవాళ చూపించిన రెండిటినీ ఆ లెక్కలో వేసుకోకండి. టీ సంగతి, ఇంటర్నెట్‌లో చాలా వీడియోలు ఉన్నాయి, నేను మాత్రం సలహా ఇవ్వను. గర్భిణులు అస్సలు తాగకూడదు. హే ఫీవర్ ఉన్నవాళ్ళు కూడా.

"గార్డెన్ సెంటర్లో పసుపు, పచ్చ కలిసిన ఆకుల మగ్‌వర్ట్ కుండీలో అమ్ముతున్నారు. అది తెచ్చుకుంటే పూజకు రెడీగా ఉంటుంది కదా?"

అది వల్గారిస్‌లోనే అందానికి పెంచే రకం, ఓరియంటల్ లైమ్‌లైట్ అంటారు. తెచ్చుకోండి, కానీ కుండీ దాటనివ్వకండి. గట్టు మీది మగ్‌వర్ట్‌లా కాదు, ఇది నేలలో నాటితే పాకుతుంది, మధ్యలో ఒట్టి పచ్చ ఆకుల కొమ్మలు లేచి అవే పెత్తనం చేస్తాయి. కుండీ అడుగున రంధ్రంలోంచి వేరు దిగకుండా కింద ఒక పళ్ళెం పెట్టండి.

"మా వెనక తోటలో కంచె పొడుగునా ఇదే ఉంది. రెండేళ్ళుగా కోస్తున్నాం, పోవట్లేదు. ఏది ఉందో తెలియదు."

పొడుగునా ఉందంటే తెల్ల దారమే అని నా అనుమానం. కానీ ఊహతో తవ్వకండి. ముందు ఒక కాడ అడ్డంగా కోసి బెండు చూడండి. తర్వాత ఒక మూల కోయకుండా వదిలేసి దీపావళి దాకా ఆగండి, అప్పుడు పూస్తే ఇక సందేహం లేదు. పైన కోయడం వల్ల అది చావదు, కింద కాడల్లో దాచుకున్న తిండితో మళ్ళీ లేస్తుంది. మట్టి తడిగా ఉన్నప్పుడు మామూలు పార కాకుండా ముళ్ళ పారతో, అంటే ఫోర్క్‌తో తవ్వండి. మామూలు పారతో అయితే కాడ ముక్కలవుతుంది, ఒక్కో ముక్కా ఒక్కో మొక్క. దొరికిన తెల్ల కాడలన్నీ చేత్తో ఏరి, ఇంటి కంపోస్టులో వేయకుండా నల్ల సంచిలో బిగించి, ఎండలో పెట్టి, పూర్తిగా చచ్చిపోయాక పారేయండి. వచ్చే వసంతంలో మళ్ళీ కొన్ని లేస్తాయి. లేచినవాటిని లేతగా ఉన్నప్పుడే తీసేస్తూ ఉండాలి, రెండు మూడేళ్ళు పడుతుంది. కంచె అవతల కూడా ఉంటే పక్కింటావిడతో మాట్లాడి ఇద్దరూ ఒకేసారి తవ్వండి, లేకపోతే మీరు తీసినదంతా అటునుంచి మళ్ళీ వస్తుంది.